పేరు మార్చుకోని కెజీయా

న్యూ బెడ్‌ఫర్డ్,
1866 మార్చి 11.

అక్కకు,

నీ తమ్ముడు ప్రైమస్ రాస్తున్నాడు. బతికే ఉన్నాను. ముందు ఈ ఒక్క మాటా చదివించుకుని, కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగు. మిగతాది తరువాత చదివించుకుందువు గాని.

పోయిన ఆదివారం మా చర్చిలో ఒక ముసలమ్మ తన కొడుకు ఉత్తరం తెచ్చి అందరి ముందూ చదివించింది. కొడుకు పేరు సైలస్. మన నల్లవాళ్ళ దళంలో సార్జంటుగా యుద్ధానికి వెళ్ళి, అది ముగిశాక వర్జీనియాలోనే పెళ్ళి చేసుకుని ఉండిపోయాడు. "ఇక్కడ హాలోవే దొర పొగాకు తోటలో కెజీయా అనే ఆమె ఉంది. దారినపోయే వాళ్ళందరినీ పిలిచి రొట్టె పెడుతుంది" అని రాశాడు. ఆ మాట వినగానే నేను లేచి నిలబడ్డాను. మా ఆవిడ లుక్రీషియా నా కోటు పట్టుకుని "కూర్చో, ఏమైంది నీకు?" అంటోంది. 

నేను దొర దగ్గర బానిసగా ఉండలేక పారిపోయిన సంగతి నీకు తెలుసు, చేరిన సంగతి తెలియదు. నేను చేసిన పొగాకు పీపాలోనే ముడుచుకుని కూర్చుని నది దిగిపోయాను. ఇప్పుడు ఇక్కడ తిమింగలం నూనె పోసే పీపాలు చేస్తున్నాను. వాటిలో నన్ను కూర్చోమనేవాడు ఎవడూ లేడు. నా పేరు ఇప్పుడు ప్రైమస్ ఫ్రీమన్. స్వేచ్ఛ గల మనిషి అని దాని అర్థం. నేనే పెట్టుకున్నాను.

అమ్మ ఎలా ఉంది? నేను వచ్చేసరికి లివీ నీ వీపున కట్టుకున్న పసిపిల్ల. ఇప్పుడు నీ అంత అయ్యుంటుంది. మాకు రెండు గదులున్నాయి. చలి మాత్రం ఎముకలు కొరికేస్తుంది. అయినా సరే, ముగ్గురూ వచ్చేయండి. దారి ఖర్చు సంగతి నేను చూసుకుంటాను.

నిన్ను చూడాలని ప్రాణం కొట్టుకుంటున్న
నీ తమ్ముడు,
ప్రైమస్

*

హాలోవే తోట, వర్జీనియా,
1866 ఏప్రిల్ 20.

గౌరవనీయులైన శ్రీ ప్రైమస్ ఫ్రీమన్ గారికి,

మీ సహోదరి శ్రీమతి కెజీయా హాలోవే కోరిక మేరకు, ఇక్కడి పాఠశాల ఉపాధ్యాయురాలినైన నేను ఈ లేఖ వ్రాస్తున్నాను. మీరు క్షేమంగా ఉన్నందుకు ఆమె దేవునికి కృతజ్ఞతలు తెలుపుతున్నారు. మీ తల్లిగారు కొన్ని సంవత్సరాల క్రితం ప్రభువు పిలుపునందుకుని ప్రశాంతంగా వెళ్ళిపోయారు. లివీ కూడా ఇప్పుడు ఆమె వద్ద లేదు. ఆ విషయమై ఆమె ఎక్కువ మాట్లాడలేకపోతున్నారు.

మీ ఆహ్వానానికి ఆమె ఎంతో సంతోషించారు. అయితే తాను పుట్టి పెరిగిన ఈ తోటను విడిచి రావడానికి ఆమె మనసు అంగీకరించడం లేదు. హాలోవే కుటుంబం వారి పొలమే పాలుకు చేసుకుంటూ ఆమె సంతృప్తిగా ఉన్నారు.

ఆమె ఆశీస్సులతో,
కెజీయా హాలోవే (ఆమె గుర్తు: X)
ఇట్లు వ్రాసినది, మిస్ విన్‌స్లో

*

న్యూ బెడ్‌ఫర్డ్,
1866 జూన్ 3.

అక్కా,

నీ ఉత్తరం అందింది. అది నీ ఉత్తరమో కాదో తెలియడం లేదు. మా అక్క నన్ను "గారు" అంటుందా? చిన్నప్పుడు చెవి మెలిపెట్టి గంజి తాగించిన మనిషి.

అమ్మ పోయిందని చదివి పనిలోకి పోలేదు. లివీ కూడా అమ్మ వెనకే పోయిందని తెలిసింది. ఆదివారం నాడు చర్చిలో ఆ పిల్ల పేరు చెప్పించి ప్రార్థన పెట్టించాను. ఎవరూ ఎరగని పిల్ల కోసం అంతమంది ఏడ్చారు. నీకు కొంచెం ఊరటగా ఉంటుందని రాస్తున్నాను.

కాని ఒక మాట అడగకుండా ఉండలేను. హాలోవే ఏమిటి అక్కా నీ పేరులో? ఏటా జులై నాలుగు పండుగకు పెద్దదొర వరండాలో నిలబడి, మనుషులందరూ సమానమేనని పెద్ద గొంతుతో దేశ స్వాతంత్ర్య ప్రకటన కాగితం చదివేవాడు. మన నాన్న వెనక నిలబడి ఈగలు తోలేవాడు. ఆ మాటలు దొర కళ్ళనీళ్ళు పెట్టుకుని చదివేవాడని గుర్తుందా? మర్నాడు పొద్దున్నే కొరడా ఎప్పటిలాగే మేకుకు వేలాడేది. ఆ మనిషి పేరు నీ పేరు పక్కన ఎందుకు? విడుదల వచ్చాక కూడా ఆ తోట మీద మమకారం ఏమిటి? సంతృప్తిగా ఉన్నావట. ఆ ఒక్క మాట నా గొంతులో ముల్లులా దిగింది.

కోపంగా రాశానని తిట్టుకోకు. మళ్ళీ చెబుతున్నాను, వచ్చేయి.

ప్రైమస్

*

హాలోవే తోట,
1866 జులై 8.

ఒరేయ్ ప్రైమస్,

ఇది సైలస్ చేత రాయిస్తున్నాను. నీ ఉత్తరం చదివి వినిపించింది కూడా అతనే. నేనన్నది అన్నట్టు రాస్తానని ప్రమాణం చేశాడు. మిస్ విన్‌స్లో మంచి పిల్లేరా, మనవాళ్ళకు చదువు చెప్పడానికి అంత దూరం నుంచి వచ్చింది. కాని నేను ఒకటి చెబితే అందంగా ఉంటుందని ఇంకొకటి రాస్తుంది. సంతృప్తి అన్న మాట నా నోటంట రాలేదు. "ఇక్కడే ఉండాలి" అన్నాను, అంతే.

నా కూతురికి ప్రార్థన పెట్టించావా? అది చావలేదురా. అమ్మేశారు.

నువ్వు పోయిన కొన్నేళ్ళకు, ఇలాంటి జులై పండుగ మర్నాడే, వ్యాపారి బండి వచ్చింది. విందుకు వచ్చిన చుట్టాలు ఇంకా దొర ఇంట్లోనే ఉన్నారు. లివీని ఎక్కించారు, దానికి తొమ్మిదేళ్ళు. మన పక్క గుడిసె తామారు కూతురు రోడాను కూడా ఎక్కించారు. దానికి ఐదు. తామారు బండి చక్రం కింద పడుకుంది, లాగి పారేశారు. నేను ఏడవలేదు. ఏడిస్తే సమయం పోతుంది. బండి పక్కనే గేటు దాకా పరిగెత్తుతూ లివీ చేత ఒకటే పలికించాను. "నా పేరు లివీ. మా అమ్మ కెజీయా. మాది వర్జీనియాలో హాలోవే తోట." మళ్ళీ చెప్పు అన్నాను, మళ్ళీ చెప్పింది. బండి మలుపు తిరిగాక కూడా ఆ గొంతు వినిపించింది.

అమ్మ ఆ చలికాలమే పోయింది. ప్రశాంతంగా కాదు, గేటు వైపు చూస్తూ పోయింది.

ఇప్పుడు చెప్పు. నేను ఫ్రీమన్ అని పేరు పెట్టుకుని నీ దగ్గరికి వచ్చేస్తే, నా బిడ్డ ఏ పేరు చెప్పి ఎవరిని అడుగుతుంది? ఆ దొర పేరు నాకు ముద్దొచ్చి పెట్టుకున్నానా? వాడి ఇంటి పేరు నా కూతురికి ఇంటి దారి.

విడుదల రాగానే తామారు ఆగలేదు. "నేను పోయి వెతుకుతాను, నువ్వు కదలకు. ఇద్దరం పోతే వాళ్ళు వస్తే ఎవరుంటారు?" అంది. రొట్టెలు మూటగట్టుకుని దక్షిణానికి నడిచి వెళ్ళిపోయింది. చర్చి నుంచి చర్చికి కబురు పంపిస్తూ ఉంటుంది. నేను ఇక్కడ ఉన్నాను.

ఇంకో సంగతి. ఈ ఏడు జులై నాలుగున తెల్లవాళ్ళు కిటికీలు మూసుకుని లోపలే ఉన్నారు. ఓడిపోయారుగా, పండుగ అక్కర్లేదట. ఊళ్ళో బాజాలు మనవే, జెండా మనదే. సైలస్ కోర్టు మెట్ల మీద ఆ కాగితం చదివాడు. నువ్వు కోపపడుతున్నావు గాని, ఆ మాటల మీద నాకు కోపం లేదురా. రాసినవాళ్ళు అందులో మనల్ని కలుపుకోలేదు. మనమే వెళ్ళి కూర్చున్నాం. ఇక లేవం.

నా మరదలికి నా ముద్దులు. నీ చెవి మెలిపెడుతూ,
మీ అక్క కెజీయా హాలోవే

*

న్యూ బెడ్‌ఫర్డ్,
1866 సెప్టెంబరు 16.

అక్కా,

నీ ఉత్తరం లుక్రీషియా చదివింది, నేను విన్నాను. అంతా అయ్యాక "మీ అక్క మాట్లాడేటప్పుడు నువ్వు మధ్యలో రాకుండా వింటే బాగుపడతావు" అంది. నీ మరదలికి నీ మీద ఇప్పటికే భక్తి కుదిరింది, నాకు ఈ ఇంట్లో ఇక విలువ లేదు.

చేసిన ప్రార్థన వెనక్కి తీసుకోవడం ఎలాగని పాస్టరును అడిగాను. "ఆ పిల్ల ఎక్కడున్నా చల్లగా ఉండాలని మళ్ళీ పెడదాం" అన్నారు. పెట్టించాను. మన చర్చిలవాళ్ళు వేసే పత్రికలో ప్రకటన వేయించాను కూడా. తప్పిపోయిన వాళ్ళ కోసం అందులో ఒక పేజీ ఉంటుంది. దాన్ని దక్షిణాన ప్రతి నల్లవాళ్ళ చర్చిలోనూ ఆదివారం పైకి చదువుతారు. నువ్వు లివీ చేత పలికించిన మాటలే అందులో పెట్టాను, ఇంకొక్క ముక్క చేర్చలేదు.

రమ్మని ఇక ఈ ఉత్తరంలో అడగను. వచ్చే ఉత్తరంలో అడుగుతానేమో.

ప్రైమస్

*

నాలుగు దారుల చర్చి, వర్జీనియా,
1867 ఫిబ్రవరి 24.

తమ్ముడికి దీవెనలు.

పైన ఊరు మారిందేమిటని కంగారు పడకు. తోట నుంచి వెళ్ళగొట్టారు. దూరం పోలేదు, గేటు ఇక్కడి నుంచి కనబడుతుంది.

సంగతేమిటంటే, నేను లివీ కోసం ఉన్నానని తెలిశాక వేరేవాళ్ళు రావడం మొదలెట్టారు. ఈ తోటలో పుట్టి జార్జియా, అలబామా పోయినవాళ్ళు కాలినడకన వస్తారు. "అమ్మా, మా అన్న ఉండేవాడు, కుడి కాలు కొంచెం ఈడ్చేవాడు" అంటారు. నాకు జ్ఞాపకముంటే చెబుతాను. ఎవడు ఏ వ్యాపారి చేతిలో పోయాడో, ఎవరి తల్లి ఏ తోటకు కట్నం కింద వెళ్ళిందో నేను మరచిపోలేదు. గుర్తుపెట్టుకోవడానికి నాకు వేరే ఏముంది లోకంలో? తెలియకపోతే పెద్దవాళ్ళను అడిగి చెబుతాను. ముందు తిండి పెడతాను, ఆకలితో ఉన్న మనిషికి చుట్టాల పేర్లు గుర్తు రావు.

చిన్నదొరకు ఇది కంటగింపు అయింది. గుర్రం మీద వచ్చి గుమ్మం ముందు ఆగాడు.

"కెజీయా, నా పొలంలో ఈ దారినపోయే జనం ఏమిటి? రోజూ ఎవడో ఒకడు దిగుతున్నాడు."

"వీళ్ళు దారినపోయేవాళ్ళు కాదయ్యా. మీ నాన్నగారు అమ్మినవాళ్ళు. పోయే దారి మీరే చూపించారు, వచ్చే దారి వాళ్ళు వెతుక్కున్నారు" అన్నాను.

ముఖం ఎర్రగా చేసుకున్నాడు. "నువ్విలా మాట్లాడేదానివి కాదే" అన్నాడు.

"మీరు వినేవారు కాదు" అన్నాను.

వారంలో ఖాళీ చేయమన్నాడు. పొగాకు నారు పోసుకున్నాను, పంట చేతికి రాదే అనుకున్నాను. ఆ ఆదివారం చర్చిలో చెబితే, మన పాస్టరుగారు "కెజీయమ్మ గుమ్మం లేకపోతే దక్షిణం నుంచి వచ్చేవాళ్ళు ఎవరి తలుపు తడతారు?" అని అడిగారు, అంతే. మగవాళ్ళు దుంగలు కొట్టారు, ఆడవాళ్ళు మట్టి తొక్కి సందులు పూశారు. చర్చి స్థలంలో, నాలుగు దారులు కలిసేచోట గుడిసె లేచింది. చివరి రోజు మిస్ విన్‌స్లో కూడా చేతులకు మట్టి పూసుకుంది. తనకు పని రాదు, అయినా మానలేదు.

నువ్వు పీపాలు చేసేవాడివిగా, ఇక్కడ నీళ్ళ పీపా కారిపోతోంది. వస్తే బాగు చేద్దువు.

మీ అక్క

*

న్యూ బెడ్‌ఫర్డ్,
1867 మే 19.

అక్కా,

కూర్చున్నావా? కూర్చో.

లివీ దొరికింది.

లూసియానాలో ఒక చిన్న చర్చిలో మన ప్రకటన చదివారట. వెనక బెంచీ మీద ఒక అమ్మాయి లేచి నిలబడి, పాస్టరు సగంలో ఉండగానే మిగతా సగం తనే చెప్పేసిందట. "మా అమ్మ కెజీయా. మాది వర్జీనియాలో హాలోవే తోట." అక్కడి పాస్టరు పత్రికకు రాస్తే, వాళ్ళు నాకు పంపారు. ఆ చర్చివాళ్ళు చందాలు వేసుకుని ఆమెను పడవెక్కించారు. ఎండాకాలం ముగిసేలోపు నీ దగ్గరికి చేరుతుంది.

లుక్రీషియా గౌను కుడుతోంది. కొలతలు లేవంటే "మీ అక్క బిడ్డ కదా, ఎత్తుగానే ఉంటుంది" అంటోంది. నేను పనిలో ఇవాళ రెండు పీపాలు తలకిందులుగా బిగించాను. మా మేస్త్రీ తనే విప్పి సరిచేశాడు, అతనికీ తెలిసిపోయింది.

ఇక నీకు అక్కడ ఉండాల్సిన పని తీరింది. ఇద్దరూ కలిసి రండి.

ప్రైమస్

*

నాలుగు దారుల చర్చి,
1867 ఆగస్టు 25.

తమ్ముడూ,

ఇది రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. సైలస్ కూడా కలం పట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

అమ్మాయి వచ్చింది. మధ్యాహ్నం బట్టలు ఉతుకుతున్నాను. దారి మీద నుంచే "కెజీయా అంటే ఎవరు?" అని అడిగింది. నేనేనన్నాను. మూట కింద పడేసి వచ్చి, "అమ్మా, నేను లివీని" అని నన్ను చుట్టేసింది.

దాని తల నా భుజం మీద ఉండగానే నాకు తెలిసింది. నా లివీకి పంతొమ్మిది నిండాలి. ఈ పిల్లకు పదిహేను మించవు. ఆ నుదురు, ఆ పళ్ళ మధ్య సందు, ఆ నడక, అన్నీ తామారువే. తామారు పడుచుదై నా పెరట్లో నిలబడినట్టుంది.

ముందు దాని కాళ్ళు కడిగాను. మొక్కజొన్న రొట్టె, ఆకుకూర పెట్టాను. తిననిచ్చాను. అంత దూరం అమ్మ కోసం వచ్చిన పిల్లకు ఖాళీ కడుపు మీద ఆ మాట ఎలా చెప్పను?

తిన్నాక తనే చెప్పడం మొదలెట్టింది. "చాలా చిన్నదాన్ని అమ్మా. నీ ముఖం కూడా గుర్తులేదు. అక్కడి దొరసాని నాకు ఆన్ అని పేరు మార్చింది. కాని నా అసలు పేరు నేను మరచిపోలేదు. బండిలో ఒక పెద్దక్క ఉండేది. రోజూ పడుకోబోయే ముందు తను ఆ మాటలు చెప్పుకునేది. నేను ఏడుస్తుంటే నా చేత కూడా చెప్పించేది. అవి చెబితే నాకు నిద్రపట్టేది."

"ఆ అక్క పేరేంటమ్మా?" అన్నాను.

"తెలీదు. అక్కా అనేదాన్ని. తన రొట్టెలో సగం నాకే పెట్టేది."

"ఎక్కడుంది?"

"నాచెజ్ ఊళ్ళో మనుషుల్ని అమ్మే సంతలో అందరికీ జ్వరాలొచ్చాయి. అక్క లేవలేదు. నేను లేపుతుంటే నన్ను వేరే గదిలోకి లాక్కుపోయారు. కాని అమ్మా, ఆ తరువాత కూడా రోజూ చెప్పుకునేదాన్ని. అక్క మానొద్దని చెప్పింది."

ప్రైమస్, నా బిడ్డ తొమ్మిదేళ్ళది. దానికి గొలుసు ఉంది, ఆకలి ఉంది, జ్వరం ఉంది. అయినా పక్క పిల్లను పడుకోబెట్టింది. ఇంటికి వచ్చే దారి తను నడవలేకపోయినా ఇంకొకరి చేతిలో పెట్టి పోయింది. జులై పండుగకు ఎందరో పెద్దవాళ్ళ గురించి గొప్పగా చదవడం నేను విన్నాను. వాళ్ళెవరూ నా లివీ కంటే పెద్ద పని చేశారని నేను ఒప్పుకోను.

అప్పుడు చెప్పాను. "తల్లీ, నీ పేరు రోడా. మీ అమ్మ తామారు. బతికే ఉంది, నీ కోసమే తిరుగుతోంది. నీకు ఆ మాటలు నేర్పిన అక్క నా కూతురు." చాలాసేపు నా ముఖం చూసింది. తరువాత లేచి నా కాళ్ళ దగ్గర కూర్చుని, "మరి నేను నిన్నేమని పిలవాలి?" అంది.



మీ అక్క

*

న్యూ బెడ్‌ఫర్డ్,
1867 సెప్టెంబరు 15.

అక్కా,

 గౌను మడిచి పెట్టెలో పెట్టబోతుంటే లుక్రీషియా ఆపింది. "ఆ పిల్లకు మాత్రం కొత్త బట్టలు అక్కర్లేదా?" అని చేతులు కురచ చేసి ఈ ఉత్తరంతోనే పంపిస్తోంది.

నా మనసులో ఉన్నది చెబుతాను. తామారు ఎక్కడుందో ఎవరికీ రూఢిగా తెలియదు. ఉందో లేదో కూడా తెలియదు. ఆ పిల్ల నిన్ను అమ్మా అంది. పదేళ్ళుగా నీ పేరు చెప్పుకునే నిద్రపోయింది. అది నీ బిడ్డ కాదని ఎవరు అంటారు? దాన్ని తీసుకుని వచ్చేయి. నువ్వు మోసింది చాలు. ఇక అక్కడ ఎవరి కోసం ఉంటావు?

ప్రైమస్

*

నాలుగు దారుల చర్చి,
1867 నవంబరు 10.

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చిన రోజు, నిజం చెబుతున్నాను, దాన్ని మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాను. సైలస్ విసుక్కోలేదు. రోడా అప్పుడు మరదలు పంపిన గౌను వేసుకుని వాకిట్లో తిరుగుతోంది. నాకు ఆశ పుట్టలేదని అంటే అబద్ధం అవుతుంది. కాని నువ్వు రాసేలోపే నేను కబురు పంపేశాను. పిల్ల వచ్చిన మర్నాడే, తామారు ఆఖరి కబురు వచ్చిన మాంట్‌గోమరి నుంచి ఇటు ప్రతి చర్చికీ, "తామారు ఎక్కడున్నా తిరిగి రావాలి, రోడా కెజీయా దగ్గర ఉంది" అని. పదేళ్ళు ఒక తల్లి ఎలా ఉంటుందో నాకు తెలుసు. తెలిసి ఒక్కరోజు కూడా ఆపలేను.

పోయిన నెల మన మగవాళ్ళు మొదటిసారి ఓటు వేశారు. తెల్లవారకముందే చర్చి దగ్గర చేరి, మంచి బట్టలు వేసుకుని వరసగా నడిచారు. చిన్నదొర వరండాలో నుంచి చూస్తూ నిలబడ్డాడు. ఆ వరస చూద్దామని నేనూ రోడా దారి మీదికి వెళ్ళాం. వాళ్ళు వెళ్ళాక దూరంగా ఒక ఆడమనిషి వస్తోంది. కర్ర పట్టుకుని, కాళ్ళకు గుడ్డలు చుట్టుకుని వస్తోంది. జుట్టంతా తెల్లబడిపోయింది. నేను గుర్తుపట్టడానికి ముందు ఆమె రోడాను చూసి ఆగిపోయింది.

పరిగెత్తుతుందనుకున్నాను. లేదు. కర్ర పక్కన పెట్టి, దారి మధ్యలో కూర్చుండిపోయింది. "కెజీయా, నాకు లేవడానికి కాళ్ళు రావట్లేదే. దాన్ని ఇలా తీసుకురా" అంది.

రోడా నా చెయ్యి వదల్లేదు. "నాకు భయంగా ఉంది అమ్మా" అంది నాతో.

"పోవే. అదే మీ అమ్మ" అని వెన్ను మీద చెయ్యి వేసి నెట్టాను. ఆ చెయ్యి తీయడం నా జీవితంలో కష్టమైన పని. తీశాను.

తామారు ఆ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని చూసింది. చెవులు చూసింది. కాసేపటికి ఇద్దరూ ఒకే విధంగా, ముక్కు ఎగబీల్చి ఏడవడం విన్నాను. అది విని నాకు నవ్వొచ్చింది.

లివీ సంగతి నేనే చెప్పాను. తామారు నా రెండు చేతులూ పట్టుకుంది. తరువాత, "దక్షిణంలో అన్ని ఊళ్ళూ తిరిగాను, నీ బిడ్డను తెస్తానని మాట ఇచ్చి వెళ్ళాను. నీ బిడ్డే నా బిడ్డను తెచ్చింది" అంది. వసంతంలో ఇద్దరం నాచెజ్ వెళ్ళి, లివీని ఎక్కడ పూడ్చారో అడిగి, దాని పేరు చెక్కిన పలక ఒకటి నిలబెట్టి వస్తాం. అప్పటిదాకా గుమ్మం దగ్గర రోడా ఉంటానంది. అడగాల్సినవి నేర్పుతున్నాను.

ఎవరి కోసం ఉంటావని అడిగావు. నిన్ననే టెనసీ నుంచి ఒక ముసలాయన వచ్చాడు. భార్య పేరు చెప్పి అడిగాడు. ఆమె ఇక్కడికి రెండు తోటల అవతల బతికే ఉందిరా. నేను చెప్పగానే టోపీ తీసి ఛాతీకి హత్తుకుని, ఏ దారి అని అడిగాడు. నేను నీ దగ్గర నిప్పుల ముందు వెచ్చగా కూర్చుని ఉంటే, ఆయనకు ఆ దారి ఎవరు చూపిస్తారు?

నేను రాను. నువ్వే రా, మరదల్ని తీసుకుని రా. అమ్మ సమాధి చూపిస్తాను.

వాకిట్లో తామారు రోడా జుట్టు విప్పి అల్లుతోంది. ఆ పిల్ల నొప్పి అంటోంది, ఆమె వినడం లేదు. దక్షిణం దారి మీద ఎవరో ఆగి మా గుడిసె వైపే చూస్తున్నారు, రావాలా వద్దా అన్నట్టు. సైలస్‌ను కలం పక్కన పెట్టమన్నాను. వెళ్ళి పిలవాలి.

మీ అక్క,
కెజీయా హాలోవే